చప్పుళ్ళ మాస్టారు చేసిన గొంతు

చప్పుళ్ళ మాస్టారని ఊరికే పేరు రాలేదు ఆయనకి. సినిమాలో తలుపు కిర్రుమన్నా, కుర్చీ విరిగినా, తుఫానులో పడవ మూలిగినా ఆ చప్పుడు ఆయన చేతిమీదుగా రావలసిందే. "ఒక్కసారి వింటే చాలు, నా చెవి మరిచిపోదు" అని గొప్పలు పోయేవాడు. పోవద్దూ మరి, పనిమంతుడే! ఆ గొప్పే చివరికి ఆయన కొంప ముంచింది.

ఆయన భార్యకి గొంతులో కేన్సరు వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. మెడకి ఆనించి మాట్లాడమని ఆసుపత్రివాళ్ళు చిన్న మెషీనొకటి ఇచ్చారు. ఆవిడ ఆనించి "నీళ్ళు" అంది. రేకు డబ్బాలో తుమ్మెద దూరినట్టు వచ్చింది ఆ మాట. మెషీన్ని మంచం కిందకి విసిరికొట్టి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచి పెదవి కదపదు, నోట్లో పెట్టింది మింగదు.

"పుండు మానుతోందండీ, మనిషే మానడం లేదు. ఆవిడకి బతకాలని ఉండాలి. దానికి నా దగ్గర మందు లేదు" అన్నాడు డాక్టరు. మాస్టారు గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచి, "పాత రికార్డింగులు ఏవైనా ఉంటే పట్రండి. సొంత గొంతుతోనే మాట్లాడించే ఏర్పాట్లు వచ్చాయి ఇప్పుడు. అయినా మీకు రికార్డింగులకేం లోటు!" అన్నాడు.

మాస్టారి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

ఇంటినిండా డిస్కులే. వానలున్నాయి, రైళ్ళున్నాయి, ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గులూ తుమ్ములూ ఉన్నాయి. పెళ్ళాం గొంతు మాత్రం లేదు. ఉండనిస్తేగా! రికార్డింగు మధ్యలో ఆవిడ వచ్చి ఏదైనా అడిగితే ఆ ముక్క కత్తిరించి పారేసేవాడు. ఆయన లెక్కలో అది గోల. ఫోన్లో తీసిన ఇంటి వీడియోలనీ వదల్లేదు మహానుభావుడు, మాటలు పీకేసి సంగీతం అతికించాడు. పోనీ ఆవిడ అక్కగారి ఫోన్లో ఉంటుందా అంటే, వాళ్ళది పక్కవీధే. ఏం చెప్పుకోవాలన్నా నడిచివచ్చి చెప్పుకునేవాళ్ళు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఈయనకి ఆ ఆకులైనా మిగల్లేదు.

అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి రికార్డింగు అక్కర్లేదు. వస్తువు ఎలా ఉంటుందో చెబితే చాలు. గొట్టం ఎంత పొడుగు, తీగ ఎంత బిగువు, పొర ఎంత మందం, ఎంత గట్టిగా ఊదాలి, ఇవన్నీ చెప్పామంటే, ఆ వస్తువు నిజంగా ఉంటే ఎలా మోగేదో లెక్కకట్టి వినిపిస్తుంది. ఎవరూ పోతపొయ్యని గంటల్ని అందులో మోగించాడు మాస్టారు, ఎవరూ చెయ్యని వేణువుల్ని ఊదించాడు. మనిషి గొంతులో మాత్రం ఏముంది? కింద ఊపిరి, మధ్యలో రెండు పొరలు, పైన నోరనే గొట్టం. ఆ గొట్టం ఆకారం మారుస్తూ పోతే మాట. లేని గంట మోగినప్పుడు పోయిన గొంతు పలకదా అనుకున్నాడు, పిచ్చి మారాజు.

పలకలేదు. పొరలు బిగిస్తే మేక అరిచింది. వదులు చేస్తే తూము గుటకలు వేసింది. గొట్టం కాస్త పొడుగు చేస్తే ఎవడో మగాడు మూలిగాడు. ఒప్పుకున్న పనులన్నీ వదిలేశాడు. గడ్డం మాసింది, కళ్ళు గుంటలు పడ్డాయి. పక్కగదిలో ఆవిడ ఊపిరి రోజురోజుకీ పలచబడడం ఆ పాడు చెవికి బాగానే వినిపిస్తోంది. ఒక మధ్యాహ్నం స్పీకరు మీద తల ఆనించి, "ఒక్కసారి 'ఏవండీ' అనవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

వదిన, అంటే ఆవిడ అక్కగారు, చెల్లెలికి జావ తాగించడానికి రోజూ వస్తుంది. ఆ ఏడుపు విని గదిలోకి వచ్చింది.

"మరిదిగారూ, నన్ను అడగరాదూ? పుట్టినప్పటినుంచీ దాని గొంతు విన్నదాన్ని."

"మీకేం తెలుస్తుంది వదినా? ఇది చెవి ఉన్నవాళ్ళు చేసే పని" అని తలుపేసుకున్నాడు.

ఆ మొండితనంతోనే ఒక పొద్దున ఊపిరి బాగా తగ్గించి చూశాడు. పొరలు పూర్తిగా కలవనివ్వకుండా మధ్యలోంచి కాస్త గాలి జారనిచ్చాడు. మాట చివర బిగువు సడలించాడు.

"ఏవండీ..."

అదే! అచ్చం అదే! ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పడుతూ లేస్తూ మంచం దగ్గరికి పరిగెత్తాడు. గోడవైపు తిరిగే ఉన్న చెల్లెలి మీదకి వంగి వదిన స్పూనుతో జావ తాగిస్తోంది, అది పెదవుల పక్కనుంచి కారిపోతోంది.

"వినవే, నీ గొంతు! నీ గొంతు తెచ్చాను!" అని మీట నొక్కాడు.

ఆవిడ గోడవైపునుంచి ఇటు తిరిగింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడ చూసింది ఆయన్ని కాదు, అక్కని. ఇదెవరే అన్నట్టు కనుబొమలు ముడిచింది.

"ఎవరి గొంతు ఇది?" అంది వదిన.

"అదేం మాట వదినా! మీ చెల్లెలిదే!"

"దీనిదా? బాగుంది వరస! ఇది నోరు విప్పితే ఇల్లు పీకి పందిరేసేది కాదూ? మా ఇంటికొచ్చి నవ్విందంటే పై వాటావాళ్ళు కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళు. ఇదేంటి, దొంగతనానికి వచ్చినట్టు ఇంత బెరుగ్గా పిలుస్తోంది?"

"లేదు వదినా, ఇది ఎప్పుడూ ఇలాగే మాట్లాడేది. నా చెవి..."

"మీతోనా?" అని ఆగిపోయింది వదిన. గొంతు తగ్గించి అంది, "మీతో అయితే ఇలాగే మాట్లాడి ఉంటుందిలెండి. మీ గుమ్మం తొక్కగానే నోటిమీద వేలేసుకునేది. నన్నూ వేలేసుకోమనేది."

మాస్టారు తెర మీద ఊపిరి పెంచే మీటని పైకి తోశాడు. "చెప్పండి, ఎంత పెంచను? ఇంతా? ఇంకానా?" ఆ గొంతు పెద్దది కాలేదు. చీలిపోయి కీచుమంది. "ఇది కాదండీ" అంది వదిన. "మరెలా ఉండేది? ఒక్కసారి అని చూపించండి, మీకు దణ్ణం పెడతాను!" వదిన చెల్లెలిలా నవ్వబోయి, నవ్వలేక, చేత్తో మొహం కప్పుకుంది.

"నాకు తెలీదు వదినా" అన్నాడు మాస్టారు. "నా పెళ్ళాం గొంతు నాకు తెలీదు."

అప్పుడు మంచం మీంచి ఆవిడ చెయ్యి వచ్చి ఆయన చేతిమీద పడింది. ఇన్నాళ్ళకి పెదవులు కదిలాయి. చప్పుడేం లేదు. అర్థం కాలేదేమోనని రెండోసారి ఇంకా మెల్లగా, ఆయన మొహంలోకే చూస్తూ కదిపింది.

"ఆ గొంతు నాకొద్దండీ" అంటోంది.