ఏడో నంబరు పొలం తాగిన నీరు

నెవేనా ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. ఒకదాని లోపల ఒకటిగా రెండు ఇనుప రింగులను నేలలోకి దిగగొట్టి, నీళ్లు పోసి, ఎంతసేపటికి ఎంత ఇంకిందో రాసుకోవడం. ఒక్కో మిరప చాలుకు ఎన్ని గంటలు నీరు పెట్టాలో బల్గేరియాలోని ప్లోవ్దివ్ ఊరి దగ్గరి నీటిపారుదల కేంద్రంలో ఆ అంకెలను బట్టే తేల్చేవారు.

1983 జూన్‌లో ఏడో నంబరు పొలం ఆమెను తికమక పెట్టింది. చుట్టుపక్కల గంటకు రెండు సెంటీమీటర్ల నీరు ఇంకుతుంటే, అక్కడ తొమ్మిది ఇంకింది. ఇంజినీరు వెల్చెవ్ కాగితం చూసి నొసలు చిట్లించాడు.

“రింగు పక్కనుంచి కారిపోయి ఉంటుందమ్మా. ఆ అంకె కొట్టేసి సగటు వేసెయ్. లెక్కలు కట్టే కంప్యూటర్ దగ్గర మన వంతు శుక్రవారమే.”

“కొట్టెయ్యనండీ. మళ్లీ కొలుస్తాను.”

“ఎన్నిసార్లు కొలిస్తే మాత్రం, నేల మాట మారుస్తుందా?”

“మార్చదనేగా నేననేదీ!”

ఇంకో నాలుగు చోట్ల కొలిచింది. ఎక్కడా ఎనిమిదికి తగ్గలేదు. చాళ్లకు నీరు కట్టే మించో పార మీద చెయ్యి ఆనించి నవ్వాడు.

“ఏమ్మా, నేలకి జ్వరం చూస్తున్నావా? ఇది ఒట్టి తాగుబోతు నేల. చాలు కొసకి నీరు చేరదని ముప్పయ్యేళ్లుగా మొత్తుకుంటున్నా. వినే నాథుడేడీ?”

“ఎందుకు చేరదు తాతా?”

“మా నాన్న చిన్నతనంలో ఏరు ఇటే పారేదట.”

ఆమె గడ్డపార తెచ్చి మోకాలి లోతు తవ్వింది. రెండు జానల నల్లమట్టి కింద అంతా గులకరాళ్లే. గుప్పెడు రాళ్లు రుమాలులో కట్టుకుపోయి వెల్చెవ్ బల్ల మీద పోసింది. ఆయన ఒక రాయి తీసి వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

“ఇది ముందే ఎవరైనా చెప్పొచ్చుగా?”

“మించో తాత చెప్పాడండీ. ముప్పయ్యేళ్లుగా.”

వెల్చెవ్ ఆ పొలాన్ని సగటులోంచి విడదీసి లెక్క మళ్లీ కట్టాడు. చాళ్ల పొడవు సగానికి కోశారు. ఇంకిపోయేలోపే కొసకు చేరేలా నీరు ఉరవడిగా, తక్కువసేపు వదిలారు. ఆగస్టులో కొసనున్న మొక్కలకు కూడా కాయ ఎర్రబడింది.

నివేదికలో నెవేనా పేరు లేదు, ‘క్షేత్ర సిబ్బంది’ అని మాత్రం ఉంది. చదివి, కొంచెం నొచ్చుకుని, పక్కన పెట్టింది. మించోను కేంద్రానికి పిలిపించి, పటం ముందు కుర్చీ వేసి, పాత ఏటి దారులన్నీ చెప్పించుకుంది. ఆయన చూపిన పదకొండు చోట్లకూ రింగులు మోసుకెళ్లింది. ఎనిమిది నిజమయ్యాయి. తప్పిన మూడింటిని కూడా ఆమె పుస్తకంలో రాసింది.