ఊడిపడాల్సిన డ్రమ్ము

పొద్దున్నే చౌరస్తా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అన్నా, ట్యాంకు మీది పొగ డ్రమ్ము మల్ల పోయింది" అన్నాడు, సొంతింట్లో దొంగలు పడ్డంత దిగులుగా. "నీ నిద్రనైతే ఎవ్వడు ఎత్తుకపోలేదు గదా" అన్నాను. పోవడం ఇది మూడోసారి. వెల్డింగ్ పెట్టేస్తే పీడ పోతుందని ఊరంతా అంటుంది. నేను పెట్టను. ఒకసారి పెట్టినందుకు నా ఎడమ భుజం ఎముక రెండు ముక్కలైంది. వాన వచ్చే ముందు అది ఇప్పటికీ నాకు వాతావరణ వార్తలు చదువుతుంది.

మా ఊరు ఇటు ఖమ్మానికీ అటు భద్రాచలం అడవికీ మధ్య ఉంటుంది. సైన్యం పని మాన్పించిన పాత ట్యాంకు ఒకటి మా చౌరస్తాకు వచ్చినప్పుడు నేను తల్లాడ రోడ్డులో చాచా వెల్డింగ్ షాపులో ఉండేవాణ్ని. ఏడో తరగతిలో లెక్కల సారు నన్నూ, నేను లెక్కల్నీ ఒకే రోజు వదిలేశాం. అప్పటినుంచి నాకు బడి, పంతులు, బెత్తం అన్నీ చాచాయే. ట్యాంకు ముందువైపు పులిలా ఉంది గానీ వెనక బోసిగా రెండు వంపు పట్టీలు మాత్రం మిగిలాయి. పంచాయతీవాళ్లు మసకబారిన ఫొటో ఒకటి ఇచ్చి, ఆ పట్టీల్లో ఉండే గుండ్రటిది చేసి పెట్టమన్నారు. డీజిల్ డ్రమ్మే అనుకుని పెద్ద పీపా ఒకదానికి ఆకుపచ్చ రంగేసి, తాళ్లతో వేలాడదీశాను.

అప్పుడొచ్చాడు మా మామ, అంటే నా భార్య తండ్రి. యుద్ధంలో ట్యాంకు నడిపి, తర్వాత అడవి అంచు పల్లెలో పత్తి పండించుకుంటున్న మనిషి. మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. పెళ్లిపీటల మీద నా కాళ్లు కడిగినప్పుడు తప్ప ఆ చేతులు నాకు మెత్తగా తగిలింది లేదు. "ఏంది అల్లుడా, ట్యాంకుకు పెండ్లి జేస్తున్నవా? నీళ్ల డ్రమ్ము గట్టినవ్" అన్నాడు. పట్టీ వంపులోకి చెయ్యి పోనిచ్చి, అరిగిపోయిన కొక్కేన్ని వేలితో తడిమి, నవ్వు ఆపేశాడు. "డీజిల్‌ది గాదు. పొగ డ్రమ్ముది. తేనెపట్టుకు పొగ వెడ్తం సూడు, గట్ల. దుష్మన్ ఫిరంగి మనల్ని సూసినంక లోపల కూసొనే దీన్ని అంటిస్తరు. పొగల దాక్కొని ఎనక్కి జరుగుడే. మీట గుంజితే కొక్కెం ఇడువాలె, కాలే డ్రమ్ము కింద వడాలె." ఏడాది పిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులూ పెట్టి సైజు చూపించాడు.

పది రోజులు షాపులోనే కూర్చున్నాడు. పట్టీల వంపును పురికొసతో కొలిపించాడు, రేకు మూడుసార్లు చుట్టించాడు, కొక్కెం నాలుగుసార్లు కోయించాడు. లోపలికి దూరే పని లేకుండా మీట మాత్రం ట్యాంకు పైన పెట్టాం. "బేటా, మీ మామ యుద్ధం ఎట్ల గెల్చిండో ఇప్పుడు సమజైంది. దుష్మన్ యాష్టకొచ్చి ఇంటికి పోయుంటడు" అన్నాడు చాచా.

బోరు పంపు పిడినే ఎత్తుకుపోకుండా వదలని ఊరు మాది. అందుకని తెల్లారితే ట్యాంకు ఆవిష్కరణ పండగనగా, తెలివి నాకే ఉందనుకుని, కొక్కేనికి నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టేశాను. మామ వచ్చి ట్యాంకెక్కి మీట లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. నేను కింద నిలబడి, "ఇగ దాన్ని దేవుడు గూడ ఊడవీకలేడు మామా" అన్నాను.

ఆయన ఎప్పుడు దిగాడో, గడ్డపార ఎప్పుడు చేతికొచ్చిందో చూడలేదు. ఎముక విరిగిన చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. రెండో దెబ్బకు పళ్లు రెండు నాలుక మీదికొచ్చాయి. మూడోది నా తల మీదుగా పోయి ట్యాంకుకు తగిలి నిప్పులు రాల్చింది. వెనకనుంచి పట్టుకున్న చాచాకు మోచేతి దెబ్బతో ముక్కు పగిలి, తెల్లగడ్డం ఎర్రబడింది. ఇద్దరం కలిసి ఆయన్ని రోడ్డు మీద పడేసి ఛాతీ మీద మోకాళ్లు పెట్టినా తన్నుతూనే ఉన్నాడు. "కొయ్యి. దాన్ని కొయ్యి" అంటున్నాడు.

రొప్పు తగ్గాక, వెల్లకిలా పడుకునే, డ్రమ్మునే చూస్తూ చెప్పాడు.

"కాలువ దాటేటప్పుడు డ్రమ్ము ఊగుతుండె. పోతదేమోనని మన ఎడ్లబండ్లకు సామాను గట్టినట్టు తీగతోని గట్టిన. నేనే. గట్టిగ గట్టిన. గుండ్లు వడుతున్నయని పొగ అంటిస్తే డ్రమ్ము కింద వడలె. ఎటు వోతే అటు పొగ మాతోనే వచ్చె. మేమున్న జాగ దుష్మన్‌కు ఏలువెట్టి సూపిచ్చినట్టయింది. గుండ్లు అందించే పోరడు, పంతొమ్మిదేండ్లోడు, కటింగ్ ప్లయర్ వట్టుకొని పైకెక్కిండు. కడుపుల తూటా దిగినంక గూడ కోసిండు. డ్రమ్ము వడ్డది. దానెంబడి ఆడు వడ్డడు. నేను బండి ఎనక్కి తీస్తున్న. ఎనక ఏమున్నదో డ్రైవర్‌కు కనవడది అల్లుడా. గాని బండి దేని మీదికన్న ఎక్కితే తెలుస్తది."

నేను నోట్లో రక్తం ఉమ్మేశాను. విరిగిన భుజంతో గ్రైండర్ పట్టలేను కాబట్టి చాచాయే ముక్కులో గుడ్డ కుక్కుకుని నాలుగు చుక్కలూ కోశాడు. మామ మీట లాగాడు. డ్రమ్ము దభీమని నేలమీద పడింది. ఎత్తి పెట్టించి మళ్లీ లాగాడు. అలా ఆరుసార్లు. తర్వాత నన్ను దవాఖానాకు తీసుకుపోతూ దారిలో, "నొప్పున్నదా?" అనడిగాడు. "నువ్వు కొట్టినప్పుడు కొంచెం ఉండె" అన్నాను.

ఆ తర్వాత మామ తను చనిపోయేదాకా ప్రతి ఆదివారం వచ్చేవాడు. మీట లాగేవాడు, పడ్డ డ్రమ్మును రెండు చేతులా ఎత్తి యథాస్థానంలో పెట్టేవాడు, ఒళ్లు దులుపుకుని వెళ్లేవాడు. ఊరి దొంగలకు అది ఊడుతుందని నేర్పింది కూడా ఆయనే అనుకుంటాను.

ఈ మధ్యాహ్నం కొత్త డ్రమ్ము చేసి తగిలించాను. భుజం సలుపుతున్నా నేనే ఎక్కి మీట లాగాను. రెప్పపాటులో ఊడి కింద పడింది. ఆ యుద్ధానికి యాభై ఏళ్లు ఆలస్యం, అంతే.