నల్లసముద్రం ఒడ్డున మా తమ్ముడి పేరు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్ళతో నేను చాలాసార్లు గొడవ పడ్డాను. పోర్ట్‌బ్లెయిర్‌లో పడవల వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పాత జైలూ, పాత సమాధులూ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ప్రతి మలుపుకీ ఒక దయ్యం కథ ఉంటుంది. మా వర్క్‌షాపు వెనక ఎవరో తెల్లదొర తిరుగుతుంటాడని ఒకసారి ఒక పత్రికలో వచ్చింది. అక్కడ తిరిగేది మా స్టోర్‌కీపరేనని, బీడీ కాల్చుకోవడానికి వెళ్తాడని సంపాదకుడికి ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం వాళ్ళు అచ్చు వేయలేదు. అది కూడా నేను మర్చిపోలేదు.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే చెబుతాను.

మాది శ్రీకాకుళం తీరం. స్వాతంత్ర్యం వచ్చాక మా తాత వలలతో సహా ఓడెక్కి ఈ ఊరొచ్చి, ఒడ్డునే ఉన్న జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడు. నేనూ, మా తమ్ముడు అప్పలరాజూ ఇక్కడే పుట్టాం. నేను ఉద్యోగంలో చేరాను. వాడు మాత్రం నాన్నలాగే చేపల వేటకు వెళ్ళేవాడు. పదహారేళ్ళ క్రితం ఒక ఉదయం డింగీ పడవ తీసుకొని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. డింగీ దొరికింది, వల దొరికింది, వాడు దొరకలేదు.

ఏడేళ్ళు కనబడకపోతే మనిషి పోయినట్టేనని కోర్టు ఒప్పుకుంటుంది. మా అమ్మ పోలమ్మ ఒప్పుకోలేదు. కర్మ చేయనివ్వలేదు. ఏటా పెద్దలకు పెట్టుకునే రోజున మా ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు వరసగా చెప్పి ఒక్కొక్కరికీ ఒక ముద్ద తీసి పెడతాం. ఆ వరసలో తమ్ముడి పేరు ఎవరైనా ఎత్తబోతే అమ్మ లేచి వెళ్ళిపోయేది. తను కూడా వాడి పేరు పలికేది కాదు. "చిన్నోడు" అనేది, అంతే. ఆవిడకు సముద్రం కనబడకూడదనే మేము జంగ్లీఘాట్ వదిలి ఊరి లోపల డాలీగంజ్‌లో ఇల్లు కట్టుకున్నాం.

దీనివల్ల మేం పడ్డ మాటలు తక్కువ కాదు. మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో అమ్మ భోజనానికి కూర్చుంది. వడ్డన మొదలవుతుంటే చిన్నాన్న వచ్చి, "మైల తీరని ఇంటోళ్ళు గదా వదినా, కడపంక్తిలో తిందురు గాని లెగండి" అన్నాడు. అమ్మ లేచింది. ఆ పంక్తిలో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో నేను ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ చిన్నాన్నే రెండేళ్ళ క్రితం థాయిలాండ్ వెళ్ళొచ్చాడు. ఇంటికొచ్చి ఫొటోలు చూపించి, "సముద్రం అంటే అదిరా! నువ్వెప్పుడైనా సెన్నై దాటినావేటిరా నూకరాజూ?" అని నవ్వాడు. అందరూ నవ్వారు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. థాయిలాండ్ కంటే దూరం వెళ్ళాలి, ఖర్చు అదుపులో ఉండాలి, సముద్రం ఉండాలి. నెలరోజులు కూర్చుని వెతికితే బల్గేరియా తేలింది. యూరప్‌లో సముద్రతీరం చవగ్గా దొరికేది అక్కడ. అది కూడా జూన్ మొదట్లో, జనం రాకముందు వెళితే గది అద్దె ఇంకా తగ్గుతుంది. హోటల్ వద్దు, వంటగది ఉన్న ఇల్లు తీసుకోవాలి. బియ్యం, చింతపండు, ఎండు నెత్తళ్ళు మనతో తీసుకెళ్ళాలి. టాక్సీ ఎక్కకూడదు, బస్సులు బాగుంటాయి. ఎవరైనా వెళ్ళదలుచుకుంటే నేను చెప్పిన పద్ధతిలో వెళ్ళండి, నష్టపోరు.

టికెట్లు తీసిన ఏజెంటు కుర్రాడికి అర్థం కాలేదు. "భయ్యా, మీరు సముందర్ మధ్యలోనే ఉంటారు కదా. సముందర్ చూడ్డానికి అంత దూర్ క్యోం?" అన్నాడు. వీసావాళ్ళు కూడా ఇంచుమించు అదే అడిగారు. వాళ్ళకు ఒక పేజీ నిండా జవాబు రాశాను. వీసా వచ్చింది.

నేనూ నా భార్య సత్యవతీ వెళ్దామనుకున్నాం. అమ్మ తనంతట తనే అడిగింది.

"అది మన సముద్రవేనేటిరా?"

"కాదమ్మా. దాని పేరు నల్లసముద్రం." ఫోన్‌లో మ్యాపు చూపించాను. "చూడు, చుట్టూ నేలే."

మ్యాపులో కింద దారంలాంటి నీలిగీత ఒకటి ఉంది, మిగతా సముద్రాల్లోకి దారి. దాని గురించి అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.

"అయితే అది నా కొడుకుని ముట్టలేదు. దానికీ మనకీ తగువు లేదు. నానూ వత్తాను" అంది.

నాకు ఆశ పుట్టింది. పదహారేళ్ళుగా అమ్మ సముద్రంలో కాలు పెట్టలేదు. ఏ సముద్రంలోనైనా సరే, ఒక్కసారి కాలు తడిస్తే మనసు కదులుతుందేమో, తమ్ముడికి జరగాల్సింది జరిపించనిస్తుందేమో అనుకున్నాను.

బుర్గాస్ అనే నగరం నుంచి గంట బస్సు ప్రయాణం, ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను. అక్కడి చర్చివాళ్ళను నేను ఇప్పటికే చాలా విసిగించాను. మాకు మేడమీద గది ఇచ్చినావిడ పేరు రాడ్కా. భర్త పోయాడు, పింఛను మీద బతుకుతోంది. ఇంగ్లీషు కొంచెం వచ్చు.

మొదటిరోజే ఆవిడతో తగువైంది. వేడినీళ్ళు వస్తాయా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. వస్తాయని ప్రకటనలో రాశారు కదా అని ఫోన్ తీసి చూపించాను. ఇంకా గట్టిగా అడ్డంగా ఊపింది. నేను గొంతు పెంచాను. ఈలోగా సత్యవతి వెళ్ళి కుళాయి తిప్పింది. వేడినీళ్ళు. అక్కడ తల అడ్డంగా ఊపితే అవునని అర్థమట. ఈ సంగతి ప్రకటనలోనే రాయాలని నేను ఇప్పటికీ అంటాను.

ఆ తర్వాత అంతా బాగా గడిచింది. పెరుగులో దోసకాయ తరిగి వేసి చల్లగా ఇచ్చే వాళ్ళ సూపు తాగి అమ్మ, "మజ్జిగపులుసే గానీ కాయడం మరిసిపోనారు" అంది. చిన్న చేపల వేపుడు చూసి, "మన నెత్తళ్ళే, దొరలైపోనాయి" అంది. సాయంత్రాలు ఊరి మధ్యలో బాజా వాయిస్తే జనం చేతులు పట్టుకొని గుండ్రంగా ఆడతారు. సత్యవతిని కూడా లాక్కెళ్ళారు. రెండో చుట్టుకే అడుగులు పట్టేసింది.

ఒక్క విషయం మాత్రం అమ్మకు నచ్చలేదు. ఆ ఊళ్ళో తలుపుల మీద, స్తంభాల మీద ఫొటోలున్న కాగితాలు అంటించి ఉంటాయి. "ఇక్కడా ఎలచ్చన్లేటిరా?" అని అడిగింది. అవి చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా అంటించే కాగితాలు. రాడ్కా ఇంటి తలుపుకీ ఒకటి ఉంది, భర్తది. ఏటా కొత్తది అంటిస్తుందట.

"పోయినోణ్ణి గుమ్మానికి తగిలించుకుందేటి!" అని అమ్మ ముఖం తిప్పుకుంది. అప్పట్నుంచి పెరటి తలుపులోంచే తిరిగింది.

సముద్రం దగ్గరకు కూడా రోజూ వచ్చేది, ఇసుకలో కూర్చునేది. "అలలేవిరా? ఇది సెరువు" అని వెక్కిరించేది. కాలు మాత్రం పెట్టలేదు.

ఆ శనివారం వాళ్ళకు పెద్దల రోజు. ఏడాదిలో అలాంటి శనివారాలు కొన్ని వస్తాయట. రాడ్కా గోధుమలు ఉడికించి, పంచదార, అక్రోట్లు కలిపింది. ఒక బుట్టలో చెర్రీపళ్ళు పోసింది. చర్చికి తీసుకెళ్ళి భర్త పేరున అందరికీ పంచుతుందట. మమ్మల్నీ రమ్మంది.

"మనలాగే పెద్దలకి ఎడతన్నారు" అని అమ్మ ముచ్చటపడి బయల్దేరింది. పొద్దున పది దాటింది. మంచి ఎండ. చీకటీ లేదు, గాలీ లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత విన్నవాళ్ళు ముందు అదే అడిగారు.

చర్చిలో కొవ్వొత్తులు పెట్టడానికి రెండు అరలున్న ఇనుప బల్ల ఉంది. పై అర బతికున్నవాళ్ళకు. కింద ఇసుక పోసిన అర పోయినవాళ్ళకు. రాడ్కా చేత్తో చూపిస్తూ చెప్పింది. నేను నాన్న కోసం ఒకటి వెలిగించి కింద గుచ్చాను. అమ్మ ఒకటి అడిగి తీసుకుంది. చాలా జాగ్రత్తగా పై అరలో గుచ్చింది.

"చిన్నోడికి" అంది. అని నావైపు చూసింది, ఏమైనా అంటానేమోనని.

చనిపోయినవాళ్ళ పేర్లు చీటీ మీద రాసి ఇస్తే ఫాదర్ అందరిముందూ చదువుతాడు. రాడ్కా తనవాళ్ళ పేర్లు రాసుకొని, మీకెవరైనా ఉన్నారా అని అడిగింది. నాన్న పేరు చెప్పాను, సింహాచలం అని. వాళ్ళ అక్షరాల్లో రాసుకుంది. అంతకు మించి మేం ముగ్గురం ఎవరమూ ఏ పేరూ చెప్పలేదు. తమ్ముడి గురించి రాడ్కాకు తెలియదు. అమ్మకు తెలుగూ హిందీ తప్ప రావు. వీసా ఫారంలో తల్లిదండ్రుల పేర్లు అడిగారు గానీ తమ్ముడి పేరు అడగలేదు. ఆ ఫారాలు నింపింది నేనే.

ఫాదర్ చదవడం మొదలుపెట్టాడు. అన్నీ వాళ్ళ పేర్లు, పాటలా సాగుతున్నాయి. మధ్యలో తడబడి ఆగాడు. సిం అన్నాడు, మళ్ళీ సింహా అన్నాడు, చివరికి నాన్న పేరును మూడు ముక్కలు చేసి ఎలాగో పూర్తి చేశాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత వెళ్ళి సరిగా చెప్పాలనుకున్నాను.

వెంటనే ఆయన "అప్పలరాజు" అన్నాడు.

తడబడలేదు. ముక్కలు చేయలేదు. మా జంగ్లీఘాట్‌లో ఒడ్డున నిలబడి పడవలో ఉన్నవాణ్ణి ఎలా పిలుస్తారో అలా, చివరి అక్షరం సాగదీసి అన్నాడు. చదివినట్టు లేదు, పిలిచినట్టు ఉంది. ఆ తర్వాత మళ్ళీ వాళ్ళ పేర్లలోకి వెళ్ళిపోయాడు.

సత్యవతి నా మోచెయ్యి పట్టుకుంది. అమ్మ నావైపు తిరిగింది.

"నువ్వు సెప్పినావా?"

"లేదమ్మా. ఒట్టు."

"నువ్వేటే, సత్తెవతీ?"

"నాను సెప్పలేదత్తా. ఆవిడకి మావయ్య పేరే ఇచ్చినారు."

అమ్మ జనాన్ని తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళింది. పై అరలోంచి తన కొవ్వొత్తి తీసింది. ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, వంగి, కింద ఇసుకలో నాన్న కొవ్వొత్తి పక్కన గుచ్చింది. ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, "ఇంత దూరం వచ్చేసినాడేటిరా నా కొడుకు!" అంది. ఆ గొంతులో బాధ ఉంది, కానీ ఒక రకం గర్వం కూడా ఉంది.

ప్రార్థన అయ్యాక నేను ఊరుకోలేదు. నేరుగా ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. రాడ్కా అటు మాటలు ఇటు చెప్పింది. ఆ పేరు ఎవరిచ్చారని అడిగాను. ఏ పేరు అన్నాడు. చెప్పాను. అలాంటిది చదవలేదన్నాడు. చీటీలన్నీ చూపించమన్నాను. అది మర్యాద కాదని రాడ్కా గొణిగింది. నేను కదల్లేదు. ఫాదర్ పాపం బుట్ట తెచ్చి నా ముందే ఒలకబోశాడు. రాడ్కా కళ్ళజోడు పెట్టుకొని ఒక్కొక్క చీటీ పైకి చదివింది. సింహాచలం ఉంది. అప్పలరాజు లేదు.

మేం భ్రమపడ్డామని ఎవరైనా అనవచ్చు. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. చీటీలు సర్దుతూ రాడ్కా నన్ను అడిగింది, "అపల్‌రాజ్ అంటే ఎవరు?" అని. నేను ఫాదర్‌తో అన్నాను కాబట్టి పట్టుకుందేమోనని నిలదీశాను. కాదట. చదువుతున్నప్పుడే విన్నదట. తను రాసిచ్చిన పేర్లలో అది లేదే అని అప్పుడే అనుకుందట. ఆవిడ పక్కన నిలబడ్డ ముసలాయన కూడా విన్నానని తల అడ్డంగా ఊపాడు. అంటే అవునని.

ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలని ఫాదర్‌తో అన్నాను. ఆయన నా దోసిట్లో తీపి గోధుమలు పోసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ సముద్రంలోకి చీలమండల దాకా దిగింది. రాడ్కా పెట్టిన గోధుమల్లో సగం తను తిని, సగం నీళ్ళలో వదిలింది.

ఇంటికి వచ్చాక అమ్మే ముహూర్తం పెట్టించింది. శరీరం లేదు కాబట్టి పిండితో బొమ్మ చేసి, తమ్ముడికి జరగాల్సినవన్నీ జరిపించాం. చిన్నాన్న వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, "ఇన్నాళ్ళకి ఎవులు సెప్పినారు వదినా, పోనాడని?" అన్నాడు.

"పేరెట్టి పిలిసినారు. నా సెవుల్తో ఇన్నాను" అంది అమ్మ. చిన్నాన్న ఇంకేమీ అడగలేదు.

నేను మాత్రం అడుగుతూనే ఉన్నాను. రాడ్కా ద్వారా ఫాదర్‌కు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు: చీటీల్లో ఉన్నవే చదివాను, ఆ పేరు నేను పలకలేదు, మీ తమ్ముడి కోసం ప్రార్థిస్తాను.

నా జన్మలో రాసిన ఫిర్యాదులకు, ఆలస్యంగానైనా, ఎవరో ఒకరు బాధ్యులు దొరికారు. దీనికి దొరకలేదు. ఆ గొంతు ఫాదర్‌దే. ఆయన పెదవులు కదలడం నేను చూశాను. ఆయన పలకలేదంటున్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. నేనూ కాదు. ఇంతకు మించి నాకు తెలియదు.