మిగిలిన నూలు

నివేదకు ఈ లోకంలో నచ్చినవి లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు, అందులోనూ రెండు మిగులుతాయి. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రోజూ ఎక్కే రైలు నచ్చదు. కృత్తిక పండగ వచ్చిందంటే గుడికి పోయేవాళ్ల కావళ్లు, గుండ్లు, గంధం పూతలు, కాలు మోపడానికి చోటుండదు. మణవాళనగర్‌లో టైర్ల కొట్టు మీది మేడలో రత్నస్వామి నడిపే కోచింగ్ సెంటర్ నచ్చదు. అన్నిటికన్నా నచ్చనిది ఆ మేడ మీద తాను చెప్పే పాఠం.

మదరాసు పక్క ఒక ప్రైవేటు యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో నోట్సు ప్రశ్నలని వస్తాయి, ఆ పాఠం వాటికే. ‘ఒక విద్యార్థి పరిశోధన చేసి ఈ కింది నోట్సు రాసుకున్నాడు’ అని ఇంగ్లీషులో మొదలవుతుంది ప్రతిదీ. ఆ మహానుభావుడు ఎవరో, ఏ ఊళ్లో కూర్చుని అంత పరిశోధన చేశాడో నివేదకు ఇంతవరకు తెలియలేదు. గిజిగాడు గడ్డిపోచలతో గూడు అల్లుతుంది, వానకోవెల మట్టితో కడుతుంది, గిజిగాడి గూడు కొమ్మకు వేలాడుతుంది, వానకోవెల గూడు గోడకు అంటుకుని ఉంటుంది. ఇవీ నోట్సు. ‘రెండు పక్షులూ వాడే సరుకులో తేడా చూపాలని ఆ విద్యార్థి కోరిక, ఏ వాక్యం ఆ కోరిక తీరుస్తుంది’ అని కింద ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు. సరుకు వాళ్లదే, కోరిక వాళ్లదే, జవాబులూ వాళ్లవే. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టి, మింగడానికి కోచింగ్ పెట్టారు.

మింగే పద్ధతి నివేద మొదటి రోజే చెప్పేస్తుంది. నోట్సు జోలికి పోవద్దు, ముందు కోరిక చదవండి, అది తీర్చని జవాబు ఎంత ముద్దుగా ఉన్నా కొట్టిపారేయండి. అంతే విద్య. దీనికోసమా తాను ఎమ్మే ఇంగ్లీషు చదివింది అని రోజుకొకసారి అనుకుంటుంది, అనుకుని మళ్లీ బోర్డు తుడుస్తుంది.

అయినా మానలేదంటే దానికో కారణముంది. రత్నస్వామి తిరుత్తణిలో ఇంకో సెంటర్ తెరవబోతున్నాడు. పెట్టుబడి అతని బావ శివరామయ్యది, కట్టడమూ ఆయనదే. అది నివేద వాళ్ల మగ్గం ఇంటికి రెండు వీధుల అవతల. ఆ సెంటర్ తన చేతికొస్తే రైలు ఉండదు, తన పాఠం తాను చెప్పుకోవచ్చు, నోట్సు ప్రశ్నల పక్కన నాలుగు మంచి పుస్తకాలూ చదివించవచ్చు. ఆమె కోరినది ఇదొక్కటే. ఎదురు నిలిచినవాడు అదే సెంటర్‌లో పాఠం చెప్పే అజిత్, నెల కిందట మదరాసు నుంచి వచ్చాడు. తిరువళ్ళూరు ఎండలో టై కట్టుకుని తిరుగుతాడు. పైన పటారం, లోన లొటారం. గైడు మూసేస్తే గిజిగాడు పక్షో చేపో చెప్పలేడు.

“నీ బ్యాచ్‌లో ఒకరికి ఆ యూనివర్సిటీలో ఫ్రీ సీటు తెప్పించమ్మా, తిరుత్తణి నీదే” అన్నాడు రత్నస్వామి.

ఆ ఒకరు మధుమిత అని నివేద అప్పుడే తేల్చుకుంది. తిరుత్తణి పక్క నేతగాళ్ల వీధి పిల్ల, చురుకైనది. లెక్కలు నోటితో చేస్తుంది. నోట్సు ప్రశ్న వస్తే మాత్రం బోల్తా. నాలుగు జవాబుల్లో ఏది పొడుగ్గా ఉంటే, ఏది అన్ని నోట్సూ కలిపి కుట్టుకుని ఉంటే, దాని మీదే వేలు పెడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అజిత్ స్టాఫ్ రూములో నవ్వాడు కూడా, మీ ఊరి సరుకు అని. ఆ నవ్వుకు నివేద ఒళ్లు మండింది, ఆ మంట తెచ్చి పిల్ల మీద పోసింది.

“నీకు తెలివి యాడ పెట్టినాడు దేవుడు? సరుకు గురించి అడిగితే కొమ్మెందుకు, గోడెందుకు?”

మధుమిత నములుతున్న పెన్ను నోట్లోంచి తీసింది. “నాలుగు ఇచ్చినారు గదక్కా. రెండే వాడితే మిగిలింది ఏం జేసేది?”

“ఏం జేసేదేంది? వదిలేసేది.”

“మా ఇంట్లో వదిలేస్తే ఊరుకుంటారా అక్కా? సావుకారు నూలు తూచి ఇస్తాడు, చీర తూచి తీసుకుంటాడు. నూలు మిగిలిందంటే దొంగిలించినట్టే. మా నాయన కండెకున్న తుంట దారం గూడా మూట గట్టి తిరిగి ఇచ్చేస్తాడు.”

నివేద ఇంట్లోనూ అంతే. చిన్నప్పుడు బొమ్మకు జడ వేయాలని జానెడు ఎర్ర దారం తీసుకున్నందుకు నాయన కొట్టిన దెబ్బ ఆమెకు ఇంకా గుర్తుంది. వీధి వీధంతా ఆ తూకం కిందే బతికింది. ఇచ్చినదంతా గుడ్డలోకి పోవాలి, పోకపోతే నేరం. ఆ భయం పరీక్ష కాగితం దాకా వచ్చి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియక నివేదకు కోపమే వచ్చింది.

“ఈడ సావుకారు లేడు. మిగిలింది పారెయ్యి.”

“పాపం గాదా?”

“మార్కు పోతే పాపం. అడగనిది చెప్పినోళ్లు ఫెయిలు. అది మంచి మాటే కానీ, నిజమే కానీ, అడగలేదా, కొట్టెయ్యి.”

ఆ రోజు నుంచి క్లాసు అయ్యాక తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం మీద, రైలొచ్చే దాకా, నివేద పిల్లను కూర్చోబెట్టుకుని ఇదే రుబ్బింది. మధుమిత ఒక్కొక్క నోటు కొట్టేసే ముందు నివేద మొహం చూసేది. తరవాత్తరవాత చూడడం మానేసింది. నవ్విన నాపచేనే పండింది. ఫ్రీ సీటు వచ్చింది.

రత్నస్వామి ఆనందానికి అంతు లేదు. మధుమితకు దండ వేసి, బ్యానర్ ముందు నిలబెట్టి, ఫోన్ పట్టుకున్నాడు. “మన సెంటర్‌లో ఏమేం వసతులుండాయో చెప్పు మా. చూసిన అమ్మా నాయన్లకు నమ్మకం రావాల. సుమ్మా, ఊరికే రెండు మాటలే.” నివేద పక్కనే ఉంది, ఆ రోజుకని మంచి చీర కట్టుకుని.

మధుమిత తడుముకోలేదు. “ఈ సెంటర్‌లో ఏసీ గది ఉండాది. రైల్వే స్టేషన్‌కు దగ్గర. వారం వారం పరీక్ష పెడతారు.” అంతే, ఆపేసింది.

నివేద ఇంకో మాట కోసం చూసింది. రాలేదు. పిల్ల కెమెరాకు బెదిరిందిలే అని సర్దుకుంది.

వారం తిరక్కముందే రత్నస్వామి ఆమెను పిలిచి, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ చెప్పాడు. “బావ వీడియో చూసినాడమ్మా. సీటొచ్చిన పిల్లే టీచర్ పేరు ఎత్తలేదే, అయితే టీచర్ ఎవరైనా ఒకటే గదా అనినాడు. అజిత్ అయితే టై గియ్యి కట్టుకుని చూసేదానికి బాగుంటాడంట.”

“మీరు చెప్పలేదా సార్, ఆ పిల్లకు చెప్పింది నేనని?”

“ఆయన నన్నడిగితే గదా చెప్పేది.”

ఛీ, ఇదీ ఒక బతుకా అనుకుంటూ మెట్లు దిగింది నివేద. రత్నస్వామిని తిట్టుకుంది, శివరామయ్యను తిట్టుకుంది, టైని తిట్టుకుంది. అందరికన్నా ఎక్కువగా ఆ పిల్లను తిట్టుకుంది. విశ్వాసం లేని జాతి అనుకుంది, అది తన జాతే అని గుర్తుండి కూడా.

స్టేషన్‌లో మధుమిత స్వీట్ డబ్బా పట్టుకుని ఆమె కోసమే కాచుకుని ఉంది. సంగతి విని దాని మొహం పాలిపోయింది.

“నా పేరు ఎందుకు చెప్పలేదు నువ్వు?” అంది నివేద.

“అనుకున్నా అక్కా. మొట్టమొదట మీ పేరే అనుకున్నా. ఈ ప్లాట్‌ఫారం గురించి గూడా అనుకున్నా.” మధుమిత కళ్లు తుడుచుకుంది. “సార్ వసతులే గదా అడిగింది. మీరు వసతి కాదు గదాని కొట్టేసినా.”

రైలు వచ్చి ఆగింది. నివేద డబ్బా తీసుకుంది.

“కరెక్టే” అంది. ఆ మాట ఆమె ఎంతోమంది పిల్లలకు ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు మాత్రం పళ్లు కొరుకుతూ చెప్పింది.