గెడ్డ పుట్టే చోట గీసిన కూపు

1968 మార్చి. శ్రీకాకుళం జిల్లా కొండల్లో నేను ఫారెస్టర్‌ని, కొత్తగా చేరినవాణ్ణి. ఏ ఏడాదికి ఆ ఏడాది కొండలో ఏ ముక్క వెదురు నరకాలో పటం మీద గీసిస్తాం. ఆ ముక్కని కూపు అంటారు. కొండెక్కి చూసి గీయాలని రూలు. నాకు బద్ధకం. పాలకొండ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని గీసేశాను.

ఆ నరుకుడు కూలే అక్కడి సవర గిరిజనులకి ఎండాకాలం తిండి. ఇళ్లల్లో చోళ్లు, అంటే రాగులు, అప్పటికే నిండుకున్నాయి. అలాంటిది నరుకుడు మొదలైన రెండో రోజు పొద్దున్నే, కొండ పైభాగానికి చేరగానే అందరూ కత్తులు కింద పెట్టి కూర్చున్నారు. కూలి పెంచమంటున్నారనుకుని, "కాంట్రాక్టరుతో మాట్లాడి పావలా ఎక్కువిప్పిస్తాను, లేవండి" అన్నాను.

"డబ్బుకి కాదు బాబూ" అన్నాడు ఊరి పెద్ద లక్కాయి. "ఇది గెడ్డ పుట్టీ సోటు. మా పెద్దలు ఇక్కడ కత్తెట్టనేదు. మేమూ ఎట్టం." గెడ్డంటే వాళ్ల మాటలో వాగు.

అతని అల్లుడు తల దించుకునే గొణిగాడు. "మరేటి తింటాం మావా? పిల్లలు నిన్నట్నుంచి గంజి మీదే ఉన్నారు."

నాకు ఒళ్లు మండింది. "సర్కారు ఆర్డరు తాతా. దేవుడి పేరు చెప్తే పని ఆగదు."

"దేవుడి మాట అలాగుంచు. రా, సూద్దువు గాని."

పైన రాతి సందులో, వెదురు వేళ్ల మధ్యనుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఊరి కోడలు ఒకామె ఎండు ఆనపబుర్రని ఆ బొట్ల కింద పట్టుకుని కూర్చుంది. "ఈ వెదురు పోతే ఈ నీళ్లూ పోతాయి. ఆ బుర్ర నిండీదాకా నువ్వూ కూకో" అన్నాడు లక్కాయి. గంటసేపు కూర్చున్నాను, సగమే నిండింది. ఆమె వెనక ఇంకో ఆరుగురు. పటంలో నేను ఆ గెడ్డని ఎండిపోయిన వాగని రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి కూలి మాటేమిటి తాతా?" అన్నాను చివరికి.

"ఆ ఎదర కొండ మీద వెదురున్నాది. దూరం, మోత కష్టం. అయినా నరుకుతాం. పొట్టకి కావాల గదా, మేమేటి రుషులమా?"

"మోసీది నేను గదా" అని అల్లుడు నవ్వాడు. "మోస్తాన్లే మావా."

కూపు మార్చాలంటే రేంజరు సంతకం కావాలి. కొండ చూడకుండా గీశాను, తప్పు నాదేనని కాగితం మీద రాసిచ్చాను. ఉద్యోగం ఊడొచ్చని తెలుసు. రేంజరు నన్ను చెడామడా తిట్టి, సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చి, ఆ తర్వాత కొత్త కూపు మీద సంతకం పెట్టాడు. వారం తిరక్కుండానే ఎదర కొండ మీద నరుకుడు మొదలైంది. ఊళ్లో పొయ్యిలు మళ్లీ రెండుపూటలా వెలిగాయి.

మెమో నా సర్వీసు పుస్తకంలో ఉండిపోయింది. దాని గురించి నాకు బాధ లేదు. ఆ తర్వాత ఎన్ని కూపులు గీశానో గానీ, ఏ ఊరెళ్లినా పటం విప్పేముందు కనబడిన మొదటి ఆడమనిషిని అడిగేవాణ్ణి: "అమ్మా, మీరు నీళ్లెక్కణ్ణించి తెచ్చుకుంటారు?"