మా మావయ్య కొన్న బేస్ మోడల్

సహృదయులైన పాఠక మహాశయులారా,

ముందుగా రెండు చేతులూ జోడించి, చోటుంటే సాష్టాంగపడి, మీ అందరికీ క్షమాపణలు చెప్పుకుంటున్నాను. మా మావయ్య పోయాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. స్మృతి వ్యాసమన్నాక అందులో ఒక మహనీయుడు ఉండాలని నాకూ తెలుసు. ఆయన వీధి దీపం కింద చదువుకోవాలి, మితంగా మాట్లాడాలి, సన్మానాలు వద్దనాలి. మా మావయ్య వీటిలో ఒక్కటీ చేయలేదు. సన్మానమంటే ముందు వరసలో కూర్చునేవాడు. శాలువా పొట్టిదైతే అడిగి మార్పించుకునేవాడు. ఇలాంటి మనిషి కోసం ఇన్ని పేజీలు ఆక్రమిస్తున్నందుకు నేను పడుతున్న సిగ్గు వర్ణనాతీతం. కాబట్టి వర్ణించను.

వార్త అత్తే ఫోన్లో చెప్పింది. శీతకాలం చివర్లో ఒక ఆదివారం పొద్దున. "ఒరే, మీ మావ టీ తాగేసి కళ్ళు మూసుకున్నాడు. లెగట్లేదు. నువ్వొచ్చి పిలిస్తే లెగుస్తాడేటో, రా" అంది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు సందులు. పరుగెత్తుకుంటూ వెళ్ళి పిలిచాను. బతికున్నన్నాళ్ళూ నా మాట వినని మనిషి, ఆ రోజు మాత్రం ఎందుకు వింటాడు?

మావయ్య అంటే మా అమ్మకి అన్న. తాతయ్య శ్రీకాకుళం నుంచి రేవులో మూటలు మొయ్యడానికి కలకత్తా వచ్చాడు. మావయ్య గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే కార్ఖానాలో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. మా వంశంలో ఇంతకన్నా పెద్ద ఎదుగుదల ఇంకా నమోదు కాలేదు. నేను ఎంబీయే చేశాను, అయినా కాలేదు. ఆయన చేతి మీదుగా ఎన్నో ఓడలు నీళ్ళలోకి దిగాయి. ఒక్కదాంట్లోనూ ఆయన ప్రయాణం చేయలేదు. ఓడ కదిలి వెళ్ళిపోతుంటే గట్టు మీద నిలబడి, పక్కన ఎవరుంటే వాళ్ళతో, "మనదే" అనేవాడు. పక్కవాడు జాలరి అయినా సరే, వేరుశెనక్కాయలమ్మేవాడు అయినా సరే.

ఆయనకొక అలవాటుండేది. ఏ వస్తువు కనిపించినా వేలి మెటికతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఫ్రిజ్జు, పుచ్చకాయ, పెళ్ళివారింటి బీరువా. నా ఎంబీయే ఫలితాలు వచ్చిన రోజు నా నుదురు మీద రెండుసార్లు కొట్టి, "సౌండు బాగానే ఉంది. లోపల బోల్డు చోటుంది" అన్నాడు. ఇంట్లో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, విశాల హృదయం కాబట్టి.

ఇక అత్త గురించి చెప్పాలి. వాళ్ళ పై వాటాలో ఒక బెంగాలీ కుటుంబం ఉంటుంది. ఆ ఇంటి బౌదీ, అంటే వదినగారు, ప్రతి పూజ సెలవులకీ కొండలకి వెళ్ళొచ్చి, మెట్ల మీదే అత్తని ఆపి అడుగుతుంది: "ఓమా, ఎఖనో కాంచన్‌జంఘా దేఖోని?" ఇంకా చూడలేదా అని. అత్త నవ్వి, "దేఖ్‌బో, దేఖ్‌బో" అంటుంది. చూస్తాం, చూస్తాం. ఈ 'చూస్తాం'లోనే మావయ్య ఉద్యోగమంతా గడిచిపోయింది. పూజల ముందు ఎప్పుడూ ఏదో ఒక ఓడ అప్పజెప్పాల్సి ఉండేది మరి.

రిటైరయ్యాక గుండె పేచీ పెట్టింది. డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి, "మెట్లు తగ్గించండి. ఎత్తు ఎక్కకండి. బండి నడపడానికి ఫర్వాలేదు. చెయ్యాలనుకున్న పనులు మాత్రం వాయిదా వెయ్యకండి" అన్నారు. ఇందులో చివరి మాట అత్త విన్నది. దాని ముందు మాట మావయ్య విన్నాడు.

నడవకుండా కొండని చూడాలంటే కొండ ఎదుటి దాకా బండే వెళ్ళాలి. అక్కడ రోడ్డుండదు. కాబట్టి నాలుగు చక్రాలూ లాగే బండి కొనాలి. ఇదీ మావయ్య తర్కం. ఇందులో ఎక్కడో లోపముందని నాకనిపించింది గానీ, ఎక్కడో దొరకలేదు.

ముగ్గురం షోరూముకి వెళ్ళాం. ఒకే బండి, నాలుగు చక్రాలూ లాగేవాటిలో రెండు అవతారాలు. పైదానికి మెత్తటి సీట్లు, పాటలు పాడే తెర, దానంతటదే మారే గేరు, ఎర్ర రంగు. కిందదానికి, అంటే బేస్ మోడల్‌కి, నల్ల ప్లాస్టిక్ నేల, గట్టి సీట్లు, స్టీరియో ఉండాల్సిన చోట ఒక కన్నం. ఇంకా కిందది కూడా ఒకటుంది గానీ దానికి వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. సేల్స్ కుర్రాడు దాని ధర చెప్పబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

నేను పై మోడల్ పక్షం. తిరిగి అమ్మితే వచ్చే విలువ గురించి అక్కడే నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. సేల్స్ కుర్రాడు నన్ను ఆరాధనగా చూశాడు. మావయ్య అంతా విని, కింద మోడల్ తలుపు మీద మెటికతో కొట్టాడు.

"అల్లుడూ, తర్వాత బిగించుకోగలిగింది ఇప్పుడు కొనకు. తర్వాత బిగించలేంది ఇప్పుడే కొను."

"అంటే ఏంటి మావయ్యా?"

"సీటు బిగిస్తాను. పాట బిగిస్తాను. పరుపేసి పడుకునే మంచం కూడా బిగిస్తాను. ముందు చక్రాలకి లాగే శక్తి నీ సదువుతో బిగించగలవేటి? అదొక్కటీ కంపెనీవాడే ఇవ్వాలి. దీంట్లో ఇచ్చాడు. సాలు."

అత్త అప్పటికే ఎర్ర బండిలో కూర్చుని ఉంది. ఆవిడ మావయ్యకి మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ 'బావా' అనే పిలుస్తుంది. "బావా, ఇది రేపే ఎల్లిపోడానికి సిద్ధంగా ఉంది. అది నువ్వు తయారుసేసుకునేసరికి..." అని ఆగిపోయింది.

ఆ వాక్యం ఎవరూ పూర్తి చేయలేదు. సేల్స్ కుర్రాడికి తెలుగు రాదు, అయినా నేల చూపులు చూశాడు. నేను కరపత్రం చదివాను. తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

మావయ్య ఎర్ర బండి తలుపు దగ్గరికెళ్ళి నెమ్మదిగా అన్నాడు. "ఓడని మొత్తం తయారుసేసి నీళ్ళలోకి దింపరే. డొల్లగానే దింపుతారు. గదులూ మంచాలూ వంటిల్లూ అన్నీ నీళ్ళ మీద తేలుతుండగానే బిగిస్తారు. ఇదీ అంతే. నన్ను కట్టుకోనీ."

అత్త దిగింది. కింద మోడల్ మాదైంది.

ఇంటికి తెచ్చాక దాని ముందు కొబ్బరికాయ కొట్టి, సందులో అందరికీ మిఠాయిలు పంచాడు. మర్నాడు తెల్ల పెయింటు డబ్బా తెచ్చి, బండి పక్కన కింది నుంచి పైకి అడ్డగీతలు గీశాడు. ఓడ ఎంత లోతు మునిగిందో తెలియడానికి దాని ముక్కు మీద గీస్తారే, అలాంటివి. సందంతా నవ్వింది. శ్రావణంలో మూడు రోజులు ఆగకుండా వాన పడేదాకా నవ్వింది.

ఆ వానలో మా పేట సంగతి చెప్పక్కర్లేదు. ఆటోలు లేవు, బస్సులు లేవు, మోకాలి పైకి నీళ్ళు. మావయ్య బండి తీశాడు. అత్త ముందు సీట్లో, ఆస్పత్రికి పోవాల్సిన బౌదీ వెనక సీట్లో, నేను బౌదీ గొడుగు పట్టుకుని. వెనకాల ఒక పసుప్పచ్చ టాక్సీ తోడు పట్టింది. ఆ డ్రైవరు తల బయటపెట్టి, "కాకా, కతో?" అని అరిచాడు. ఎంత లోతని. మావయ్య కిటికీలోంచి సగం బయటికి వంగి, తన గీతలు తనే చదివి, "రెండో గీత! ఎషో, ఎషో!" అని అరిచాడు. రా, రా అని. మలుపు దగ్గర నీళ్ళు మూడో గీత ముట్టుకోగానే, "థామో!" అన్నాడు. టాక్సీ ఆగిపోయింది. మేం ముందుకెళ్ళాం.

"సీట్ ఏతో శక్తో కేనో?" అంది బౌదీ. ఇంత గట్టిగా ఉందేంటి సీటు అని.

"నౌకో తో, బౌదీ!" అంది అత్త. పడవ కదా అని. అలా అంటున్నప్పుడు ఆవిడ మొహంలో ఉన్న దర్పం నేను ఏ మంత్రిగారి భార్య మొహంలోనూ చూడలేదు.

మావయ్య తప్పులు చేయలేదని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆయన చేస్తే ఓడంత తప్పు చేసేవాడు. బండి ముక్కుకి ఇనప కాపు కట్టాలనుకుని, ఓడకి వేసే మందపు రేకు సంపాదించి, రోజుల తరబడి కోసి, వంచి, అతికించి బిగించాడు. బిగించగానే బండి ముందు భాగం దణ్ణం పెట్టినట్టు కిందికి వంగిపోయింది. దీపాలు వేస్తే తన చక్రాలే తనకి కనిపించేవి. అలాగే ఖిదిర్‌పూర్ దాకా తీసుకెళ్తే ట్రాఫిక్ సార్జెంట్ ఆపాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దాదా, ఎటా గాడీ నా జాహాజ్?" అన్నాడు. బండా, ఓడా?

"జాహాజ్" అన్నాడు మావయ్య, పొంగిపోతూ.

ఇలాంటి కాపులకి చట్టం ఒప్పుకోదు, తీసెయ్యమన్నాడు సార్జెంట్. మావయ్య తీసేశాడు. కానీ ఇంటికొచ్చి అందరికీ చెప్పిన కథలో మాత్రం చట్టం ఊసు లేదు. "సూడగానే ఓడ అనీసాడే!" అన్నది మాత్రమే ఉంది.

ఆ కాపు కట్టడానికీ విప్పడానికీ వానాకాలం మొత్తం ఖర్చయింది. ఈలోగా మావయ్య మెట్ల మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఆగి, రెయిలింగు మీద మెటికతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఇంతకుముందెప్పుడూ ఆ రెయిలింగు మీద ఆయనకంత అనుమానం లేదు. పైన తలుపు దగ్గర నిలబడి అత్త అది చూసేది. నేను చూస్తున్నానని కూడా ఆవిడ చూసేది.

పూజలు వచ్చి వెళ్ళాయి, డోళ్ళు కొట్టే ఢాకీల మోత ఆగిపోయింది. మావయ్య బండి వెనక టేపు పట్టుకుని మంచానికి కొలతలు తీస్తున్నాడు. మంచం తర్వాత మడిచే పొయ్యి, దాని తర్వాత నీళ్ళ డబ్బా, పైన గుడారం. అంతా ఆయన బుర్రలో ఉంది. అత్త కిందికి దిగొచ్చింది. చేతిలో సంచి, నెత్తి మీద కోతి టోపీ. తిన్నగా వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

"ఏటే ఇది?"

"ఎల్దాం."

"మంచం బిగించలేదే ఇంకా. పొయ్యి లేదు. వెనక్కి తిరిగి సూడు, అంతా డొల్ల."

"బావా, ఓడని డొల్లగానే దింపుతారన్నావు."

"అన్నాను."

"దింపు."

మావయ్య సాయం కోసం నా వైపు చూశాడు. విద్యావంతుడిగా నేను నా ఫోను వైపు చూశాను. టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. ఆ సీట్ల మీద సిలిగురి చేరేసరికి నా వెన్నుపూసల్లో ప్రతిదీ విడివిడిగా పరిచయమైంది.

కలింపాంగ్ దాటి చాలాసేపు పోయాక రోడ్డు అయిపోయి రాళ్ళు మొదలయ్యాయి. మామూలు టాక్సీలు అక్కడే మనుషుల్ని దింపేస్తాయి. పై ఊరికి నడిచి ఎక్కాలి. మావయ్య చిన్న గేరు పిడి లాగాడు. బండి ఒక్కో రాయినీ పలకరిస్తున్నట్టు ఎక్కడం మొదలెట్టింది.

"ఇంత నెమ్మదా, మావయ్యా?"

"రేవులోకొచ్చే ఓడ పరిగెడతాదేటిరా?"

అత్త ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, రెండో చేత్తో వెనక సీట్లో ఉన్న నా చొక్కా పట్టుకుని, గుర్తున్న దేవుళ్ళందరినీ పిలుస్తూ, మధ్య మధ్యలో దేవుళ్ళ పేరు బదులు "బావా, గొయ్యి!" అంటూ వచ్చింది. పైన గెస్టు హౌసు ముందు బండి ఆపి, మావయ్య స్టీరింగు మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత అక్కడ మేకల్ని తోలుకెళ్తున్న ముసలాయనతో బండి చూపించి, "మనదే" అన్నాడు. తెలుగులోనే.

ఈ ప్రయాణం గడిచిన కార్తీకంలో. మంచం ఇప్పటికీ లేదు. గుడారం లేదు. స్టీరియో చోట కన్నం అలాగే ఉంది. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళంతా, "అల్లుడే దగ్గరుండి బండి కొనిపెట్టాడంట, అల్లుడే కొండలకి తిప్పుకొచ్చాడంట" అన్నారు. నేను ఖండించలేదు. తల వంచుకుని, వినయంగా అరిసె తిన్నాను. ఇప్పుడు అచ్చులోకి ఎక్కుతోంది కాబట్టి నిజం చెప్పక తప్పదు. బండి ఎంచింది ఆయన. బయల్దేరదీసింది ఆవిడ. నడిపింది ఆయనే, దారంతా. నేను చేసింది ఒక్క పని.

పై ఊరు చేరిన మర్నాడు పొద్దున, ఊరి చివర మిట్ట మీద బండి ఆపాడు. అత్త దిగింది. మావయ్య దిగుదామని తలుపు తెరిచి, మళ్ళీ వేసేసుకున్నాడు. బయట చలికి ఊపిరి అందలేదు. నేను ముందు సీట్లోకి వచ్చాను. ఎదురుగా మంచు తెర చీలుతోంది. మేం ఇద్దరం లోపల ఊపిరి తీస్తుండటంతో అద్దాలన్నీ మసకబారాయి.

"అల్లుడూ, నీ పక్క అద్దం దింపు. మీ అత్త కనిపించట్లేదు."

పై మోడల్లో అయితే మీట నొక్కితే చాలు. దీనికి చేత్తో తిప్పే పిడి. బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టి తిప్పాను. అద్దం ఒక్కో అంగుళం దిగింది. ముందు అత్త కోతి టోపీ, తర్వాత భుజాలు, తర్వాత మొత్తం అత్త, ఆవిడ వెనకాల ఆకాశం సగానికి గులాబీ రంగులో కొండ. మావయ్య నా మీదుగా ఇటు వాలి చూశాడు. కొండ వైపు కాదు.

"ఏటంటాందిరా?"

"ఏమీ అనట్లేదు మావయ్యా."

"పిలు."

పిలిచాను. అత్త వెనక్కి తిరగలేదు. "బావా, ఇది ఇంతుందేటి!" అంది, కొండతో అన్నట్టు.

చలి లోపలికి కొడుతోంది. అద్దం ఎత్తమని ఆయన అనలేదు. నేనూ ఎత్తలేదు.