ఓబులేసు అగ్గిబంతి

ఆళ్లగడ్డ ఓబులేసుకు ఒక్కటే పిచ్చి. రెండో ప్రపంచయుద్ధంలో తాను పనిచేసిన అయిదో డివిజను గుర్తు చరిత్ర చెప్పకుండా మనిషిని వదలడు. పలకరిస్తే చెబుతాడు. పలకరించకపోతే పిలిచి చెబుతాడు. గుర్తు చూస్తే ఇంతే: నల్లగుడ్డ మీద ఎర్రటి గుండ్రం. దాని చరిత్ర మాత్రం నంద్యాలలో బస్సెక్కి మొదలుపెడితే శిరివెళ్ల దాటినా యుద్ధంలోకి దిగదు.

పట్టాళంలో ఆయన పని లారీల మీద ఆ గుర్తు వేయడం. "తుపాకీ పట్టినావా అన్నా?" అని ఎవరైనా అడిగితే, "పట్టినా లేప్పా, తడి కుంచెలు ఆనించే దానికి" అనేవాడు. తిరిగొచ్చాక నంద్యాలలో సీతారాం శెట్టి బస్సుల షెడ్డులో రంగులు వేసే పనికి కుదిరాడు. అలవాటు ఊరుకోనిస్తుందా? శెట్టి బస్సులకూ బొమ్మలు దిగాయి. బనగానపల్లె బస్సుకు మామిడిపండు, యాగంటి బస్సుకు తెల్లటి బసవన్న, పాణ్యం బస్సుకు నల్లటి ఏనుగు. తన ఊరి బస్సుకు మాత్రం తన ఎర్రగుండ్రం.

ఆ ఆళ్లగడ్డ బస్సు డ్రైవరు సుబ్బయ్య. ఓబులేసు చరిత్రకు రోజూ దొరికిపోయే మనిషి.

"మా జనరలు దొర గుర్తుకు ఒక మృగాన్ని పెట్టాలనుకున్న్యాడు సుబ్బయ్యా. తీరా చూస్తే తక్కిన డివిజన్లోళ్ళు డేగను ఒగరు ఎత్తుకపోయినారు, పులిని ఒగరు, నల్లపిల్లిని ఒగరు. మా దొర పోయేసరికి అడవి ఖాళీ!"

"కోడిపుంజు కూడా మిగల్లేదా?"

"నగుతావేందప్పా? అప్పుడు దొర బల్ల గుద్ది, ఎర్రగా ఒక గుండ్రం గీయండి, అగ్గిబంతి మాదిరి ఉండాల అన్న్యాడు."

ఇందులో నిజమెంతో ఆ దొరకే తెలియాలి. ఇంతలో శిరివెళ్ల రామమ్మ మూటతో వచ్చేది. "ఎర్రబొట్టు బస్సు ఇదేనా నాయనా?"

"బొట్టు కాదమ్మా, అగ్గిబంతి!"

"ఏదో ఒగటి. బండి ముత్తైదువ మాదిరి ఉండాది," అని ఎక్కి కూర్చునేది. ఓబులేసు ముఖం మాడిపోయేది. సుబ్బయ్య ఆ నవ్వుతోనే ఆళ్లగడ్డ దాకా తోలేవాడు.

అయితే సుబ్బయ్యకూ ఒక గుట్టు ఉంది. ఆయనకు అక్షరం ముక్క రాదు. సంతకం మాత్రం ముగ్గు వేసినట్టు వేసేవాడు. హోటల్లో పేపరు ముందేసుకుని కాసేపు కళ్ళు తిప్పి, "దేశం పాడైపోయిందప్పా" అనేవాడు. ఏ రోజు పేపరుకైనా ఆ మాట సరిపోయేది. ఈ సంగతి భార్య రంగమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదని ఆయన ధైర్యం.

యాభై ఏడులో ఎలక్షన్లు వచ్చాయి. శెట్టి షెడ్డుకు వచ్చి, "బస్సుల మీద ఈ గుర్తులేందయ్యా? నేను ఓట్లకు నిలబడినానని జనం అనుకుంటారు. అన్నీ చెరిపి నీలం రంగు పుయ్యి. ఊరి పేరు రాయి, చాలు" అన్నాడు.

ఓబులేసు ఆ పూట అన్నం ముట్టలేదు. సుబ్బయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వు తెల్లవారేదాకే.

పొద్దున షెడ్డుకు పోతే, నాలుగు బస్సులూ ఒకే నీలం రంగుతో వరుసగా నిలబడి ఉన్నాయి. సుబ్బయ్యకు తన బండి ఏదో తెలియలేదు. ఏది నాదని అడిగితే ఇన్నేళ్ళ పేపరు చదువు ఏం కావాలి? దర్జాగా మీసం దువ్వి ఒకదాంట్లో ఎక్కాడు. స్టాండులో జనం ఎక్కారు. టీకి దిగిన కండక్టరును కూడా వదిలేసి ఆళ్లగడ్డ దారి పట్టాడు.

ఊరు దాటాక వెనక గోల లేచింది. పెళ్ళిబట్టల్లో ఉన్న మనిషి ఒకడు సీట్లు దూకుతూ ముందుకు వచ్చాడు.

"యాడికి తోలుకపోతాండావప్పా?"

"ఆళ్లగడ్డకు."

"ఆడెవరుండారు నాకు? నా పెళ్ళి పాణ్యంలో!"

పెళ్ళి తప్పలేదు గానీ, పెళ్ళికొడుకు తరఫువాళ్ళంతా శెట్టి మీద పడ్డారు. శెట్టి సుబ్బయ్యను పిలిచాడు.

"అంత పెద్ద బోర్డు కనపడలేదా?"

"కళ్ళు మసక శెట్టిగారూ." నోటికి అదే వచ్చింది.

"అయితే అద్దాలు పెట్టించుకో. సోమారం నాలుగు బోర్డులూ నా ముందర చదువు. చదివితే బండి నీది. లేకుంటే ఇంటికి పో."

ఇంటికి పోయి ఏం చేయాలి? నలుగురు పిల్లలు. స్టీరింగు తప్ప ఇంకో పని చేతకాదు. సుబ్బయ్య బజారులో అద్దాలు కొని పెట్టుకుని, గుమ్మానికి తల కొట్టుకుని, "చదువైతే ముందే లేదు రంగమ్మా. ఇప్పుడు వాకిలి కూడా కనపడకుండా పాయె" అని తనను చూసి తానే నవ్వుకున్నాడు. రంగమ్మ నవ్వలేదు. ఆయనకూ లోపల ఏడుపే.

సోమవారం షెడ్డులో అందరూ చేరారు. జ్వరమని సెలవు పెట్టిన బనగానపల్లె బస్సు డ్రైవరు శేషయ్య కూడా వచ్చి అందరికన్నా ముందు నిలబడి, "పెళ్ళిళ్ళ పేరయ్యా, చదువు!" అని అరిచాడు. శెట్టి మొదటి బస్సు చూపించాడు.

అద్దాల్లోంచి చూస్తే బోర్డు మీద చీమలు పాకుతున్నాయి. సుబ్బయ్య సిగ్గుతో తల దించాడు. కింద నల్లటి టైరు. దాని నడుమ చక్రానికి ఎర్రటి కొత్త రంగు. సుబ్బయ్య తల ఎత్తాడు.

"ఆళ్లగడ్డ!"

పక్కదాని చక్రం మామిడిపండంత పసుపు. "బనగానపల్లె!" తెల్ల చక్రానికి యాగంటి అన్నాడు, నల్ల చక్రానికి పాణ్యం అన్నాడు. చివరి రెండింటికీ గొంతు కూడా పెంచాడు.

"అద్దాలు బాగా పనిచేస్తాండాయే!" అన్నాడు శెట్టి. "చక్రాలకు ఈ రంగులేంది ఓబులేసూ?"

"తుప్పు పట్టకుండా శెట్టిగారూ. డబ్బాల్లో అడుగున మిగిలింటే పూసినా."

పారేయాల్సింది పనికొచ్చిందని శెట్టి సంతోషంగా వెళ్ళిపోయాడు. సుబ్బయ్య ఓబులేసును గోడ చాటుకు లాక్కుపోయాడు.

"నాకు చదువు రాదని నీకెవరు చెప్పినారన్నా?"

"పాణ్యం పెళ్ళికొడుకు," అన్నాడు ఓబులేసు. "నేను మాత్రం ఏం తక్కువప్పా? పట్టాళంలో చేరినప్పుడు నాకూ ఓనమాలు రావు. పరాయి లారీ ఎక్కి, పరాయోళ్ళ అన్నం తిని, తన్నులు కూడా తిని వచ్చినా. ఆ గుండ్రాన్ని చూసుకునే మా బండి కనుక్కుంటాంటి. మన అట్లాంటోళ్ళు దారి తప్పకుండానేప్పా ఆ గుర్తు. అందుకే ఊరందరికీ చెప్తాంటా."

సుబ్బయ్య కళ్ళు ఈసారి నిజంగానే మసకబారాయి. "నా ఒక్కని కోసం నాలుగు బండ్లకూ పూసినావా అన్నా?"

"నీ ఒక్కని కోసమైతే ఒక్క బండికే పూద్దును గదా! రోషం కొద్దీ నా దగ్గరికి రానిది నువ్వొక్కనివే. తక్కిన ముగ్గురు డ్రైవర్లూ ఒగరికి తెలీకుండా ఒగరు వచ్చి నా చేతులు పట్టుకున్న్యారు. ఒగడు కండక్టరు ఎక్కినాకే ఎక్కుతాండాడు. ఒగడు అందరూ పోయినాక మిగిలిన బండి తీసుకుంటాండాడు. ఇంకొగనికి రంగు మార్చిన పొద్దు నుంచీ జ్వరం!"

సుబ్బయ్య అద్దాలు తీసి జేబులో వేసుకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, నేరుగా శేషయ్య దగ్గరికి వెళ్ళాడు.

"ఏమప్పా శేషయ్యా, జ్వరమెట్లుండాది?"

"ఈ పొద్దే తగ్గిందన్నా," అన్నాడు శేషయ్య, పసుపు చక్రాన్ని పైపంచెతో తుడుస్తూ.